లీ క్రాస్నర్ వీలునామాలో మనకూ చోటుంది
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

చిత్రకారులు, శిల్పులు తాము సంపాదించింది మూలధనంగా పెట్టి, తర్వాతి కళాకారుల కోసం నెలకొల్పిన ఫౌండేషన్లు కొన్ని ఉన్నాయి. వాటి నుంచి గ్రాంటు ఎలా అడగాలో చెప్పమని వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు. అందుకే ఊళ్లు మాత్రమే ఇచ్చాం.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా నూనెరంగుల్లో బొమ్మలు వేస్తున్నాను. అమెరికాలో పొలాక్–క్రాస్నర్ ఫౌండేషన్ మనలాంటివాళ్లకూ డబ్బిస్తుందని విన్నాను. నిజమేనా? దరఖాస్తు పెట్టిస్తానని ఒకాయన పదిహేను వేలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా? – చిత్రకారుడు, హనుమకొండ

జవాబు: మొదటిది నిజమే. రెండోదానికి పైసా ఇవ్వకండి.

అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ 1956లో కారు ప్రమాదంలో చనిపోయారు. ఆయన భార్య లీ క్రాస్నర్, ఆవిడా గొప్ప చిత్రకారిణే, 1984లో కన్నుమూశారు. తమ ఆస్తి, తమ చిత్రాలు కళాకారులకు ఆసరా కావాలని ఆవిడ వీలునామా రాశారు. దాని ప్రకారం 1985లో న్యూయార్క్‌లో ఈ ఫౌండేషన్ ఏర్పడింది. ఏ దేశం వాళ్లయినా అడగవచ్చు. చూసేవి రెండే: పనిలో సత్తా ఉందా, చేతిలో ఇబ్బంది ఉందా. రెండూ ఉండాలి. సత్తా ఉండి డబ్బుకు లోటు లేనివాళ్లకు రాదు, ఇబ్బంది ఉండి పని అంతంతమాత్రంగా ఉన్నా రాదు.

చిత్రకారులు, శిల్పులు, ప్రింట్‌మేకర్లతో (పలక మీద బొమ్మ సిద్ధం చేసి కాగితం మీద అచ్చు తీసే కళాకారులు) సహా కాగితం మీద పనిచేసేవాళ్లు అర్హులు. వాణిజ్య చిత్రకారులు, వీడియో, సినిమా, ప్రదర్శన కళలవాళ్లు, చేతివృత్తులవాళ్లు, డిజిటల్ ఆర్టిస్టులు, విద్యార్థులు దీని పరిధిలోకి రారు. గ్రాంటు ఒక ఏడాదికి. గరిష్ఠం 50,000 డాలర్ల దాకా ఉంటుంది కానీ ఎవరికెంత అన్నది వాళ్ల పరిస్థితిని బట్టి తేలుస్తారు. దరఖాస్తు పెట్టే రోజున ఆ ఏటి నిబంధనలు ఫౌండేషన్ సొంత వెబ్‌సైట్‌లోనే చదువుకోండి. గడువు తేదీలు, మొత్తాలు మారుతుంటాయి.

దరఖాస్తుకు రుసుము లేదు. మధ్యవర్తులతో పనే లేదు. పైగా మధ్యవర్తి రాసిన ఉత్తరం నలుగురికి ఒకేలా వెళుతుంది, మీ గొంతు అందులో ఉండదు. ‘మీరు ఎంపికయ్యారు, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి’ అంటూ ఎవరైనా మెయిల్ పంపితే అది మోసమేనని తెలుసుకోండి.

ప్రశ్న: పది బొమ్మల ఫొటోలు పంపాలట. ఫోన్‌తో తీస్తే సరిపోతుందా? ఊళ్లో స్టూడియోవాళ్లు బొమ్మకు 800 అంటున్నారు. ఏ పది పంపాలో కూడా తేలడం లేదు. – చిత్రకారిణి, విజయనగరం

జవాబు: తీసే పద్ధతి తెలిస్తే ఫోనే చాలు. పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోలో ఫ్లాష్ కొట్టించుకుని బొమ్మ పాడుచేసుకోవడం కంటే అదే మేలు. ఎంపిక చేసేవాళ్లు మీ కాన్వాసును కళ్లారా చూడరు. వాళ్లకు ఆ ఫొటోయే మీ బొమ్మ. మంచి పని ఉండి కూడా కొందరు ఇక్కడే నష్టపోతారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాం.

ఫ్రేముకు అద్దం ఉంటే విప్పేయండి. అద్దంలో కిటికీ, ఫ్యాను, ఫోన్ పట్టుకున్న మీ చేయి అన్నీ పడతాయి. బొమ్మను ఎండ తగలని వసారాలోనో, ఉత్తరం వైపు కిటికీకి ఎదురుగానో నిటారుగా నిలబెట్టండి. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా వెలుతురు నిలకడగా ఉంటుంది. ట్యూబ్‌లైట్లు, బల్బులు ఆర్పేయండి. పగటి వెలుతురు, కరెంటు వెలుతురు కలిస్తే బొమ్మలో ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పసుపుగా వస్తుంది. ఎదురుగా పచ్చరంగు గోడ ఉన్నా, మీరు ఎర్రచీర కట్టుకుని తీసినా ఆ రంగు కాన్వాసులోని తెలుపు మీద పడుతుంది. తెల్లదో, బూడిదరంగుదో కట్టుకోండి, గోడకు తెల్ల దుప్పటి వేయండి.

నూనెరంగు, వార్నిష్ మెరుస్తుంటే లెక్క వేరు. అప్పుడు ఫోన్ వెనక నల్ల దుప్పటి వేలాడదీయండి. బొమ్మలో మెరిసేది ఎదుట ఉన్న వెలుతురే కాబట్టి ఎదురుగా నలుపు ఉంటే మెరుపు తగ్గుతుంది. ఇంకా తగ్గకపోతే బొమ్మను కిటికీకి కాస్త పక్కకు తిప్పి చూడండి.

ఫోన్ లెన్సు బొమ్మ నడిమధ్యకు సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో ఉండాలి. మూడడుగుల దూరం నుంచి తీస్తే అంచులు విల్లులా వంగుతాయి. ఎనిమిది పది అడుగులు వెనక్కి జరిగి, రెండింతల జూమ్ పెట్టి తీయండి. చేతులు వణకకుండా ఫోన్‌ను స్టాండుకో, స్టూలు మీద పేర్చిన పుస్తకాలకో ఆనించి టైమర్ పెట్టుకోండి. తెర మీద గడుల గీతలు కనపడే సెట్టింగు ఉంటుంది. బొమ్మ అంచులు ఆ గీతలకు సమాంతరంగా ఉన్నాయో లేదో చూసుకోండి. పై అంచు చిన్నగా, కింది అంచు పెద్దగా వచ్చిందంటే ఫోన్ వాలిందన్నమాట. రంగులను తనంతట తానే ముదురు చేసే ‘సీన్’ సెట్టింగులు, ఫిల్టర్లు తీసేయండి. ఒక షాటులో బొమ్మ పక్కన తెల్ల ఏ4 కాగితం పెట్టి తీసుకుంటే, తర్వాత రంగు సరిచేసేటప్పుడు ఆ కాగితం తెల్లగా కనిపించేదాకా సరిచేస్తే చాలు, మిగతా రంగులు దారికొస్తాయి.

తీశాక బొమ్మ అంచుదాకా కత్తిరించండి. గోడ, ఈజిల్, బొమ్మ పట్టుకున్న పిల్లల వేళ్లు కనపడకూడదు. కంప్యూటర్లోకి వాట్సాప్ ఫొటోగా పంపుకోవద్దు, సైజు తగ్గిపోయి కుంచె గీతలు అలికేసినట్టవుతాయి. కేబుల్‌తోనో, డాక్యుమెంటుగా జతచేసో పంపుకోండి. ఫైలు సైజు, పిక్సెళ్లు ఎంతుండాలో దరఖాస్తు పేజీలోనే రాసి ఉంటుంది, దాన్ని దాటవద్దు. శిల్పమైతే ముడతల్లేని తెల్ల లేదా బూడిదరంగు గుడ్డ ముందు పెట్టి, వెలుతురు ఒక పక్క నుంచే పడేలా చూడండి. రెండు పక్కల నుంచీ సమానంగా పడితే ఎత్తుపల్లాలు కనపడవు.

ఇక ఏ పది అన్నది. గత రెండు మూడేళ్లలో వేసినవే పంపండి. ఒకదాని పక్కన ఒకటి పెడితే ఒకే మనిషి, ఒకే ఆలోచన కనపడాలి. ఒక దేవుడి పటం, ఒక పల్లె దృశ్యం, ఒక నాయకుడి పోర్ట్రెయిట్, రూపమేదీ గుర్తుపట్టలేని ఒక అమూర్త చిత్రం కలిపి పంపేవాళ్లు తమకు అన్నీ వచ్చని చూపించాలనుకుంటారు. చూసేవాళ్లకు మాత్రం ఆ మనిషి దేనికోసం వెతుకుతున్నాడో అర్థం కాదు. పదిహేనేళ్ల క్రితం బహుమతి వచ్చిన బొమ్మ మీద ఎంత మమకారమున్నా పక్కన పెట్టండి, అది అప్పటి మీరు. పదిలో అన్నిటికన్నా గట్టిది మొదట పెట్టండి, దాని తర్వాతి స్థాయిది చివర్న. ఎంపికకు ముందు పదిహేను ఫొటోలు చిన్నగా ప్రింటు తీయించి నేల మీద పరచి రెండు రోజులు అలాగే ఉంచితే ఏవి ఇమడటం లేదో కళ్లకే తెలుస్తుంది.

ప్రతి బొమ్మకూ పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలతలు రాయాలి. కొలతల్లో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. చాలామంది తిరగేసి రాస్తారు, అప్పుడు నిలువు బొమ్మకు అడ్డం కొలతలు పడతాయి. ‘మిక్స్‌డ్ మీడియా’ అని వదిలేయకుండా కాన్వాసు మీద యాక్రిలిక్, బొగ్గు, పాత చీరముక్క అని ఉన్నదున్నట్టు రాయండి. బొమ్మ పేరు ‘గొబ్బెమ్మలు’ అయితే దాన్ని అలాగే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, పక్కన అర్థం మూడు నాలుగు మాటల్లో చెప్పండి. పేరు మార్చనక్కర్లేదు.

ప్రశ్న: డబ్బు ఇబ్బంది ఉందని రాయాలంటే మనసొప్పడం లేదు. ముష్టి ఎత్తుతున్నట్టుంది. రాస్తే మాత్రం ఎంతవరకు రాయాలి? ఇంగ్లిష్ కూడా అంతంతమాత్రం. – చిత్రకారుడు, ఒంగోలు

జవాబు: ఈ ఒక్క ప్రశ్న తొమ్మిది ఉత్తరాల్లో వచ్చింది. మీ సంకోచం మాకు అర్థమవుతుంది. అయితే ఈ ఫౌండేషన్ ఎవరి డబ్బో గుర్తుంచుకోండి. పొలాక్ ఒకప్పుడు న్యూయార్క్‌లో ఒక మ్యూజియంలో కూలి పనులు చేశారు. 1945లో వాళ్లు లాంగ్ ఐలాండ్‌లోని స్ప్రింగ్స్ అనే పల్లెలో ఇల్లు కొన్నది, గ్యాలరీ యజమానురాలు పెగ్గీ గుగెన్‌హైమ్ దగ్గర 2,000 డాలర్లు చేబదులు తెచ్చుకుని. అక్కడున్న కొట్టం పొలాక్ స్టూడియో అయింది. క్రాస్నర్ మేడమీద పడకగదిలో వేసుకునేవారు. ఆ గదిలో పట్టేంత కాన్వాసులే ఆవిడ వేశారు. పొలాక్ పోయాక కొట్టంలోకి మారిన తర్వాత ఆవిడ బొమ్మలు గోడంత పెరిగాయి.

మీరు చెప్పాల్సిందీ అదే: డబ్బు లేకపోవడం మీ బొమ్మను ఏం చేస్తోంది? గది చిన్నదై బొమ్మ చిన్నదవుతోందా? ట్యూషన్లు చెప్పి వచ్చేసరికి చీకటిపడి రంగులు కనపడటం లేదా? కాన్వాసు కొనలేక పాతవాటి మీదే మళ్లీ వేస్తున్నారా? దాన్ని ఉన్నదున్నట్టు, అంకెలతో రాయండి. ‘కడు పేదరికంలో మగ్గుతూ కళామతల్లి సేవ చేస్తున్నాను’ అన్న వాక్యం చదివినవాళ్లకు ఏమీ తెలియదు. ‘నెలకు 7,000 అద్దె కట్టలేక స్టూడియో ఖాళీ చేశాను, ఏడాదిగా 10 బై 10 పడకగదిలో వేస్తున్నాను, 3 అడుగులకు మించిన కాన్వాసు తలుపులోంచి బయటికి రాదు’ అంటే అంతా కళ్ల ముందు కనపడుతుంది.

లెక్క ఇలా వేయండి. ఇది నమూనా మాత్రమే, మీ అంకెలు మీరు వేసుకోవాలి. ఏడాది ఖర్చులు: స్టూడియో అద్దె నెలకు 7,000 చొప్పున 84,000, కరెంటు 9,600, రంగులు, కాన్వాసు, కాగితం 1,10,000, ఫ్రేములు, రవాణా 60,000, ఫొటోలు, కేటలాగు 20,000, మీ వంతు ఇంటి ఖర్చు నెలకు 15,000 చొప్పున 1,80,000, మందులు 36,000. మొత్తం 4,99,600. రాబడి: డ్రాయింగ్ క్లాసులు పది నెలలకు 90,000, మూడేళ్ల సగటున బొమ్మల అమ్మకం 70,000, ఇంట్లో కుట్టుపని మీద నెలకు 6,000 చొప్పున 72,000. మొత్తం 2,32,000. లోటు 2,67,600. మీరు అడగాల్సింది ఆ లోటు. ఏ తేదీ మారకపు రేటుతో డాలర్లలోకి మార్చారో పక్కన రాయండి.

గరిష్ఠం ఎంత ఉందో అంత అడిగితే ఎక్కువ వస్తుందనుకోవడం పొరపాటు. మీ ఖర్చు పద్దు ఒక మాట, అడిగిన మొత్తం ఇంకో మాట చెబితే రెంటినీ నమ్మరు. క్లాసులకు సెలవుల్లో డబ్బు రాదు కాబట్టి పది నెలలకే వేశాం చూశారా, అలాంటి చిన్న నిజాలే లెక్కకు బలం. భార్య సంపాదన దాచకండి. మంచి సంవత్సరంలో ఒక బొమ్మ లక్షకు అమ్ముడైతే అదీ రాయండి, తర్వాతి ఏడాది ఏమీ అమ్ముడుపోలేదని కూడా రాయండి.

కొన్ని ఖర్చులకు పొలాక్–క్రాస్నర్ ఇవ్వదు: పాత అప్పులు తీర్చడం, లాయరు ఫీజులు, స్థలం, ఇల్లు కొనడం, వేరే ఊరికి మారడం, ప్రయాణాలు, చదువు ఫీజులు, ఎవరో ఆర్డరిచ్చి చేయించే పనుల ఖర్చు. కూతురి పెళ్లికి చేసిన అప్పు మీ ఇబ్బందికి కారణమైతే ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పవచ్చు, దాన్ని తీర్చమని మాత్రం అడగకూడదు.

ఇంగ్లిష్ గురించి బెంగ వద్దు. ముందు తెలుగులో ఒక పేజీ రాసుకోండి. మొదటి పేరాలో మీరెవరు, ఏం వేస్తున్నారు. రెండోదాంట్లో ఇప్పుడు ఏ పనిలో ఉన్నారు, ఏడాదిలో ఏం చేయాలనుకుంటున్నారు. మూడోదాంట్లో ఇబ్బంది, లెక్క. నాలుగో పేరా వద్దు. పొట్టి వాక్యాలుగా రాస్తే హైస్కూలు ఇంగ్లిష్ మాస్టారైనా చక్కగా మార్చిపెడతారు. మార్చాక మీకు అర్థం కాని మాట ఒక్కటి ఉన్నా తీసేయించండి.

ప్రశ్న: నేను చేసినవన్నీ కాలేజీలో, టౌన్‌హాల్లో గ్రూప్ షోలే. అవి లెక్కలోకి వస్తాయా? – నిజామాబాద్

జవాబు: గ్యాలరీలు, మ్యూజియాల వంటి చోట ఇప్పటి పని చూపిస్తూ ఉండాలని పొలాక్–క్రాస్నర్ నిబంధన. హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో గ్రూప్ షో, లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శనకు ఎంపిక వంటివి నిస్సందేహంగా పనికొస్తాయి. టౌన్‌హాల్ షోలను దాచనక్కర్లేదు కానీ అవే పది ఉంటే రెండేళ్లు ఆగి, బయటి షోలు రెండు మూడు అయ్యాక అడగడం మేలు. బ్యానర్లు, గుడి గోడల పని, పెళ్లి మండపాల అలంకరణ ఈ జాబితాలో వేయకండి. మీ ఇల్లు గడిపే పనులుగా ఆదాయం లెక్కలో చూపండి, వాటి స్థానం అక్కడే.

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుని. ఖాళీ టైములో ప్రింట్లు చేస్తాను. మా తమ్ముడు ఒక వారపత్రికలో కార్టూనిస్టు. మేమిద్దరం విదేశీ గ్రాంటుకు పెట్టవచ్చా? – నంద్యాల

జవాబు: ఇద్దరూ ఆగండి. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అందరూ ఎఫ్‌సీఆర్ఏ అనేది, విదేశీ విరాళం తీసుకోకూడని వాళ్లెవరో 3వ సెక్షన్‌లో చెప్పింది. అందులో ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ ఆధీనంలోని సంస్థల ఉద్యోగులు ఉన్నారు. రిజిస్టరైన పత్రికల విలేకరులు, కాలమిస్టులు, సంపాదకులతోపాటు కార్టూనిస్టులు అన్న మాట కూడా స్పష్టంగా ఉంది. చాలామంది ఆర్టిస్టులకు ఇది తెలియదు. గ్రాంటు వచ్చాక తెలిస్తే మరీ కష్టం, ఎందుకంటే సొమ్ము అప్పటికే ఖాతాలో పడి ఉంటుంది. మీరు రిటైరయ్యాక ఉద్యోగం వల్ల వచ్చే అడ్డు తొలగుతుంది. మీ తమ్ముడు ఉద్యోగిగా కాక బయటి నుంచి అప్పుడప్పుడు వేస్తుంటే, తాను ఆ మాట కిందికి వస్తాడో లేదో లాయరు చేత రాతపూర్వకంగా తేల్చుకోవాలి. నోటిమాట చాలదు.

ఈ జాబితాలో లేని మామూలు చిత్రకారులు కూడా ఒకటి గమనించాలి. నిర్దిష్టమైన సాంస్కృతిక, విద్యా, సామాజిక కార్యక్రమం నడిపేవాళ్లు రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ విరాళం తీసుకోకూడదని 11వ సెక్షన్ చెబుతుంది. సొంత బొమ్మలు వేసుకోవడం, ఇల్లు గడుపుకోవడం వేరు. ఆ డబ్బుతో ఊరి పిల్లలకు చిత్రకళ శిబిరం పెడతానని దరఖాస్తులో గొప్పగా రాస్తే అది కార్యక్రమం అవుతుంది. ఎఫ్‌సీఆర్ఏ పనులు చూసే ఆడిటర్‌కు దరఖాస్తు చూపించి, పంపకముందే ఒక మాట అడగండి.

తెలిసినవాళ్ల స్వచ్ఛంద సంస్థ ఖాతాలోకి తెప్పించుకుని తీసుకుంటే పోలేదా అని ఇద్దరు ముగ్గురు రాశారు. వద్దు. ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని వేరొకరికి బదలాయించడాన్ని 2020 సవరణ పూర్తిగా ఆపేసింది. మీ మీదకే కాదు, వాళ్ల రిజిస్ట్రేషన్ మీదకు కూడా వస్తుంది.

ప్రశ్న: మాది చేర్యాల. తరతరాలుగా నకాషీ పటాలు వేస్తున్నాం. మేం అడగవచ్చా? – చేర్యాల, సిద్దిపేట జిల్లా

జవాబు: సూటిగా చెబుతాం. పొలాక్–క్రాస్నర్ చేతివృత్తుల దరఖాస్తులు తీసుకోదు. మీ పటం, కథ చెప్పే కులాలవాళ్లు ఊరూరా విప్పి చూపిన పటం, చిత్రకళేనని మేం నమ్ముతాం. కానీ ఆ దరఖాస్తు వాళ్ల ముందుకెళితే మాస్కులు, కీచెయిన్లు, అమ్మకం సరుకు కనపడగానే పక్కన పెడతారు. మీ ఇంట్లో ఎవరైనా ఆ చింతగింజల జిగురు, సుద్ద పూత, ఎర్రని నేపథ్యం అన్నీ ఉంచుకుని తమ సొంత కథను, ఈనాటి సంగతిని గుడ్డ మీద వేస్తూ, గ్యాలరీల్లో తమ పేరుతో ప్రదర్శిస్తుంటే, ఆ ఒక్కరు చిత్రకారుడిగా అడగడానికి దారుంది. అప్పుడు పది ఫొటోల్లో ఒక్క మాస్కు కూడా ఉండకూడదు. కుటుంబం మొత్తం పేరుమీద కాదు, వేసిన మనిషి పేరుమీద. పని అందరూ కలిసి చేసేదైతే ఈ గ్రాంటు మీకు కాదు, కేంద్ర జౌళి శాఖ హస్తకళల విభాగం పథకాల వైపు చూడండి. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు రాసిన ఉత్తరానికీ జవాబు ఇదే.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్‌లోని మా ఇంట్లో నలభై బొమ్మలు పోయాయి. గాట్‌లీబ్ ఫౌండేషన్ విపత్తు సాయం ఇస్తుందట. ఇప్పుడడగవచ్చా? – విజయవాడ

జవాబు: నలభై బొమ్మలు పోవడమంటే ఎన్నేళ్ల పనో మాకు తెలుసు. మీకు సాయం దొరకాలనే మా కోరిక. అయితే గాట్‌లీబ్ అత్యవసర గ్రాంటు ఈమధ్యే జరిగిన ఆకస్మిక విపత్తుకు: మంటలు, వరద, ఉన్నట్టుండి వచ్చిన జబ్బు. చాలాకాలం క్రితంది, ఏళ్ల తరబడి సాగే ఇబ్బంది, పళ్ల వైద్యం, ఇంటికి మెరుగులు వీటికి ఇవ్వరు. చిత్రకారుడు ఆడాల్ఫ్ గాట్‌లీబ్ 1974లో చనిపోయాక 1976లో ఏర్పడిన ఫౌండేషన్ ఇది. ఆయన, భార్య ఎస్తర్ పేర్లతో నడుస్తోంది. అత్యవసర గ్రాంటుకు పరిణతి వచ్చిన పని కనీసం 10 ఏళ్లుగా చేస్తూ ఉండాలి.

మీకు దారి వేరే ఉంది. అదే ఫౌండేషన్‌లో ఏటా ఇచ్చే వ్యక్తిగత గ్రాంటుకు కనీసం 20 ఏళ్ల పరిణత కృషి ఉన్న చిత్రకారులు, శిల్పులు, ప్రింట్‌మేకర్లు అడగవచ్చు. ఏళ్లు లెక్కపెట్టేది డిగ్రీ చేతికొచ్చిన నాటి నుంచి కాదు, మీ పనికి సొంత ముఖం వచ్చిన దగ్గర్నుంచి. ఆ దశలవారీ ఎదుగుదల కనపడేలా పాత, కొత్త బొమ్మలు పంపాలి. పొలాక్–క్రాస్నర్‌కు పంపే పదికీ దీనికీ తేడా అదే. పోయిన బొమ్మల ఫొటోలు ఫోన్లో ఎక్కడైనా మిగిలి ఉంటే వెతకండి, ఆ కాలపు పనికి అవే సాక్ష్యం.

వరద ప్రాంతాల్లో ఉండే మిగతావాళ్లకు: నీళ్లు తీసిన రోజే, ఏదీ కదపకముందే, గోడ మీద బురద గీత కనపడేలా ఫొటోలు తీయండి. పోయినవాటి జాబితా, కొలతలు, మరమ్మతు అంచనాల రసీదులు, ప్రభుత్వ నష్టపరిహారం వస్తే ఆ కాగితం దాచుకోండి. తడిసిన కాగితపు బొమ్మల్ని ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు, ఎండలో వేయొద్దు. నీడలో, తడి పీల్చే బ్లాటింగ్ కాగితాల మీద విడివిడిగా ఆరనివ్వండి.

ప్రశ్న: మా అబ్బాయి విశాఖలో బీఎఫ్‌ఏ చదువుతున్నాడు. వాడికి ఏదైనా ఉందా? – అనకాపల్లి

జవాబు: ఉంది. కెనడాలోని మాంట్రియల్‌లో ఎలిజబెత్ గ్రీన్‌షీల్డ్స్ ఫౌండేషన్. చార్లెస్ గ్లాస్ గ్రీన్‌షీల్డ్స్ అనే న్యాయవాది, చిత్రకారుడు కూడా, తన తల్లి పేరున 1955లో పెట్టారు. ఇంకా నిలదొక్కుకుంటున్న యువ కళాకారులకు, విద్యార్థులకు కూడా ఇస్తారు. ఒక్కటే గట్టి షరతు, పని రూపాత్మకంగా ఉండాలి. మనిషో చెట్టో గిన్నో, చూసిందేదో గుర్తుపట్టేలా ఉండాలి. అమూర్త చిత్రాలకు ఇవ్వరు. చిత్రలేఖనం, డ్రాయింగ్, ప్రింట్లు, శిల్పం నాలుగే.

మన దేశంలో చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా 2001లో ఢిల్లీలో పెట్టిన రజా ఫౌండేషన్ ఉంది. 1950లో ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్లి పైకొచ్చిన మనిషి కాబట్టి, కుర్రవాడికి సరైన టైములో అందే సాయం విలువ ఆయనకు తెలుసు. వాళ్ల ప్రకటనలు గమనిస్తూ ఉండమనండి. సొమ్ము రూపాయల్లో వస్తుంది, ఎఫ్‌సీఆర్ఏ గొడవ ఉండదు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. వచ్చే నెల ఒక ప్రదర్శనకు హఠాత్తుగా పిలుపొచ్చింది, ఫ్రేములకు డబ్బు చాలడం లేదు. – తెలుగు చిత్రకారిణి, టెక్సస్

జవాబు: సంగీతకారుడు జాన్ కేజ్, చిత్రకారుడు జాస్పర్ జాన్స్ 1963లో మొదలుపెట్టిన ఫౌండేషన్ ఫర్ కాంటెంపరరీ ఆర్ట్స్‌కు సరిగ్గా ఇలాంటి అవసరానికే అత్యవసర గ్రాంటు ఉంది. 500 నుంచి 3,000 డాలర్ల దాకా. అమెరికాలో ఉంటూ అక్కడే పనిచేస్తూ, అక్కడి ట్యాక్స్ నంబరు ఉన్నవాళ్లకు మాత్రమే. ప్రదర్శన తేదీ దాటాక ఇవ్వరు, కాబట్టి పిలుపు కాగితం చేతికొచ్చిన రోజే పెట్టండి. మీ వీసా మీద ఇలాంటి సొమ్ము తీసుకోవచ్చో లేదో ఇమిగ్రేషన్ లాయర్ను ముందే అడగండి.

ప్రశ్న: పోయినేడు కాదన్నారు. కారణం చెప్పలేదు. మళ్లీ అడిగితే విసుక్కుంటారా? – కర్నూలు

జవాబు: విసుక్కోరు. కారణం చెప్పకపోవడం మామూలే, వచ్చే దరఖాస్తులు అన్నీ ఇన్నీ కావు. ఎంత వ్యవధి తర్వాత మళ్లీ పెట్టవచ్చో నిబంధనల్లో చూసి, కొత్త బొమ్మలతో పెట్టండి. అవే పది, అదే ఉత్తరం తేదీ మార్చి పంపితే జవాబూ అదే వస్తుంది.

ప్రశ్న: గ్రాంటు మంజూరైందని మెయిల్ వచ్చింది! బ్యాంకులో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? పన్ను పడుతుందా? – చిత్రకారిణి, తెనాలి

జవాబు: మనసారా అభినందనలు. ముందు ఆ మెయిల్ ఫౌండేషన్ సొంత చిరునామా నుంచే వచ్చిందో చూసుకోండి, దాంట్లో లింకు నొక్కకుండా వెబ్‌సైట్‌లో ఉన్న చిరునామాకు రాసి నిర్ధారించుకోండి.

దరఖాస్తులో, పాన్ కార్డులో, బ్యాంకు ఖాతాలో మీ పేరు ఒకేలా ఉండాలి. మన ఇంటిపేర్లతోనే చిక్కంతా. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఒకచోట పొడి అక్షరం, పెళ్లయ్యాక ఇంకోచోట భర్త ఇంటిపేరు ఉంటే సొమ్ము వచ్చినట్టే వచ్చి వెనక్కి పోతుంది. తేడా ఉంటే ఖాతా వివరాలు పంపకముందే సరిచేయించండి. మీ బ్రాంచికి విడిగా స్విఫ్ట్ కోడ్ (విదేశాల నుంచి సొమ్ము రావడానికి బ్యాంకును గుర్తించే కోడ్) లేకపోతే, ఆ బ్యాంకుకు విదేశీ లావాదేవీలు చూసే బ్రాంచి కోడ్ ఇవ్వాలి. మేనేజర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి. సొమ్ము వచ్చాక ఏ నిమిత్తం వచ్చిందో ‘పర్పస్ కోడ్’ అడుగుతారు. కౌంటర్లో తొందరపడి సాఫ్ట్‌వేర్ సేవల కోడ్ వేసేస్తుంటారు, అలా వేయనివ్వకండి. గ్రాంటు ఉత్తరం చూపించి దానికి తగిన కోడే వేయించి, విదేశీ సొమ్ము జమ అయినట్టు ధ్రువపత్రం తీసుకోండి.

అమెరికా ఫౌండేషన్లు డబ్ల్యూ–8బీఈఎన్ అనే ఫారం నింపమనవచ్చు. మీరు అమెరికా పన్నుదారు కాదని చెప్పే కాగితం అది, భయపడాల్సిందేం లేదు.

మన ఆదాయపు పన్ను సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బంధువులు కానివాళ్ల నుంచి ఊరికే వచ్చిన సొమ్ము ఏడాదికి 50,000 దాటితే మొత్తం మీద పన్ను లెక్కకొస్తుంది. గ్రాంటును ఎలా చూపాలో ఆడిటర్ తేలుస్తారు. రంగులు, అద్దె రసీదులన్నీ మొదటి రోజు నుంచే ఒక ఫైల్లో పెట్టండి. ఏడాది చివర్న డబ్బు దేనికి వాడారో ఫౌండేషన్‌కు నివేదిక రాయాల్సి వచ్చినా ఆ ఫైలే పనికొస్తుంది. సొమ్ము పడగానే పన్నుకని నాలుగో వంతు విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, మిగతాదాంట్లోంచి ముందు ఏడాది స్టూడియో అద్దె కట్టేయండి.